ఏడో వాల్వు దగ్గర ఊరుకోవాలి

మొదటి రేకు

అక్షరాలు వచ్చినవాళ్లు రోజూ ఏదో ఒకటి రాయాలట. రాయకపోతే చెయ్యి మొద్దుబారిపోతుందట. ఊరిపెద్ద పోలినాయుడు ఉత్తర్వు వేసి, పాత గాలిగొట్టాలు విప్పిన రేకుముక్కలు ఒక బుట్టెడూ, సూదిగా సానపెట్టిన మేకు ఒకటీ పంపించాడు. ఏం రాయాలో చెప్పలేదు. అందుకని నాకు ఒళ్లు మండించే సంగతులే రాస్తాను. వాటికి ఈ ఊళ్లో కొదవ లేదు.

నేను మజ్జి తవిటమ్మని. మా ఊరు లోగుంటకి ఉన్న ఇద్దరు గుర్తరుల్లో చిన్నదాన్ని. పెద్ద గుర్తరి జగ్గునాయుడు, నా గురువు. ఏ ఇంటికి ఏ వాల్వు నుంచి ఎన్ని కుండల నీళ్లు, ఎవరి గోడ ఎక్కడిదాకా, ఎవరి కూతురు ఎవరింటి కోడలయింది, అన్నీ పాటగా మా ఇద్దరి నోళ్లలోనే ఉన్నాయి. సభలో మేమిద్దరం ఒక్క గొంతుగా చెప్పింది చట్టం. ఒకరు చెప్పి ఇంకొకరు తడబడితే అది గాలిమాట.

కాగితాలూ తెరలూ మా ఊళ్లో చెల్లవు. భూమ్మీద యంత్రాలు ఎవరి దస్తూరీ అయినా, ఎవరి గొంతయినా దించేసే రోజులు వచ్చి, ఏ పత్రం అసలుదో తేలక జనం కొట్టుకు చచ్చారట. అందుకని అంగారకుడి మీదకొచ్చి ఈ సొరంగంలో ఊరు కట్టినవాళ్లు, బతికున్న మనిషి నోట్లో ఉన్నదే నమ్ముతామని ముందే ఒట్టు పెట్టుకున్నారు. వాళ్లలో ఒక ముసలాయన గ్రీకు చరిత్ర చదివినవాడు. వెనకటి గ్రీకు పట్నాల్లో, రాత వచ్చిన తర్వాత కూడా, తీర్పులూ హద్దులూ గుర్తుపెట్టుకోవడమే ఉద్యోగంగా కొందరుండేవారని ఆయన చెప్పాడు. మా ఉద్యోగం అలా పుట్టింది.

ఇప్పుడు జగ్గునాయుడికి వయసు మీదపడింది కాబట్టి రాత మళ్లీ కావలసివచ్చింది. పాటంతా నల్లరాతి మీద చెక్కిస్తాడట పోలినాయుడు. నేను సగం జీవితం పెట్టి నేర్చుకున్నది రాయి వారం రోజుల్లో నేర్చేసుకుంటుందట. నాకు కోపం లేదని ఎవరూ అనుకోవద్దు.

రెండో రేకు

పొద్దున్నే నీళ్ల గొట్టం వెంట నడిచాను. గుర్తరికి రోజూ ఉండే పని ఇదే. మంచుగుంట దగ్గర బయల్దేరి ఊరి చివరిదాకా, వాల్వుల మీద పేరుకున్న మంచు గీకుతూ, ఎక్కడైనా కారుతోందేమో చెవి ఆనించి వింటూ, ఏ వాల్వు దగ్గర ఆ వాల్వు చరణం పాడాలి. మా పాట కూర్చుంటే సరిగా రాదు. కాళ్లు ఆ చోటికి తీసుకెళ్తే నోటికి వస్తుంది. ప్రతి చరణం ఆ చోటి ఆనవాలుతో మొదలవుతుంది. ఆరో వాల్వుది మొదట్లో ఇలా ఉంటుంది:

అద్దాల మలుపున ఆరు గడపలు
గొర్లె ఎర్రన్నకు కుండలు రెండు
బెవర సూరమ్మకు కుండలు మూడు

ఆనవాలు మాట అందితే చాలు, మిగతాది దాని వెనకే వచ్చేస్తుంది. అందకపోతే తల గోడకేసి కొట్టుకున్నా రాదు. నేను నేర్చుకునే రోజుల్లో ఆగిపోతే గురువుగారు మొదటి మాట ఒక్కటే అందించేవారు. రెండో మాట అడిగితే, ఆయన కంచంలో అన్నం అడిగినట్టు చూసేవారు.

ఎవరి చరణం ఆ ఇంటి ఆడవాళ్లకీ వచ్చు. నీళ్లు పట్టుకుంటూ పాడుకుంటారు. పక్క వాల్వు వాళ్లది మాత్రం ఎవరూ నేర్చుకోరు, అది మర్యాద కాదు.

ఆరు తర్వాత ఏడు. ఏడో వాల్వు దగ్గర ఊరుకోవాలి.

అక్కడ గొట్టం పక్కన పెద్ద ఇనుప తలుపు ఉంది. దాని అవతల ఒకప్పుడు ఏడో పేట ఉండేది. నేను పాకే వయసులో ఆ పేట కప్పు పగిలి గాలి బయటికి పోవడం మొదలైంది. తలుపు మూయకపోతే ఊరంతా పోయేది. మూశారు. అవతల జనం ఉండగానే మూశారు. వాళ్లు తలుపు తట్టారు, ఇవతలివాళ్లు విన్నారు. ఆ తర్వాత పోయినవాళ్ల బంధువులూ మూసినవాళ్ల బంధువులూ గునపాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు. మళ్లీ శవాలు లేచాక సభ అందరి చేతా ప్రమాణం చేయించింది. ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తకూడదు. గుర్తరులు ఏడో చరణం పాడకూడదు. దాని బదులు, ఆ చరణం పాడినంతసేపూ ఊరుకుని నిలబడాలి.

ఏడాదికోసారి ఊరంతటినీ వెంటపెట్టుకుని గొట్టం వెంట నడుస్తూ పాట మొత్తం పాడతాం. ఏడు దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్ల నోరు కూడా తల్లి చెయ్యి అడ్డం పెట్టి మూస్తుంది. ఎవరికీ దగ్గు కూడా రాదు. తర్వాత ఎనిమిది మొదలవుతుంది. గురువుగారు నాకు ఆ మౌనం ఎంతసేపో నేర్పారు. లోపలి మాట నేర్పలేదు.

మూడో రేకు

పోలినాయుడు రాయి చూడడానికి రమ్మన్నాడు. ఆయన తొమ్మిదో వాల్వు మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల భుజం మీద చెయ్యి వేస్తాడు. నాకు ఆ చెయ్యి గిట్టదు.

రాళ్లు కొట్టే అప్పన్న పలకని నునుపు చేసి సుద్దతో గడులు గీశాడు. చరణానికో గడి. ఆరో గడి కిందనే ఎనిమిది అని ఉంది.

"ఏడు ఏదీ?" అన్నాను.

"ఏడులో సెక్కడానికి ఏటుందమ్మా? మీరు అక్కడ నోరు తెరవరు గదా," అన్నాడు పోలినాయుడు.

"ఊరుకుంటాం. దానికి సోటు ఒగ్గాలి."

"ఊరుకున్నదాన్ని రాతిమీద ఎలగ సెక్కుతారు? కాళీ ఒగ్గితే రేపెవడో ఒచ్చి తనకి కావలిసింది రాసుకుంటాడు." చెయ్యి నా భుజం మీదకి వచ్చింది. "సూడు తవిటమ్మా. ఆ ఏథెన్సోళ్లు వాళ్లలో వాళ్లు సంపుకున్నాక ఏటని ఒట్టేసుకున్నారు? పాత సెడ్డ తవ్వుకోం అని. అలగే ఆ ఊరు నిలబడింది. మనమూ అలగే నిలబడ్డాం. ఇంక ఆ నిలబడ్డం కూడా ఎందుకు? ఇక్కడ ఊరుకోవడం ఎందుకని పిల్లలు అడుగుతున్నారు."

"తవ్వుకోం అన్నారు. జరగనేదు అన్నారేటి?"

పోలినాయుడు అప్పన్న వైపు తిరిగాడు. "అందరి ముందూ సెప్పినాను, మళ్లీ సెప్తన్నాను. ఇద్దరి నోటా ఒకటిగా ఏది ఒస్తే అది సెక్కాలి. ఒక్క మాట తగ్గకూడదు, ఒక్క మాట పెరక్కూడదు. నానొచ్చి సెప్పినా మార్సకూడదు. నోటికి రానిది సెక్కకూడదు." ధర్మరాజు వేషం కట్టినవాడిలా మొహం పెట్టాడు.

గడి పోతే పోయేది గడి ఒక్కటే అయితే నేనూ ఊరుకుందును. ఏడో పేట మొత్తంలో మిగిలిన మనిషి ఇజ్జాడ పరదేశమ్మ ఒక్కతే. ఆ రోజు పుట్టగొడుగుల విత్తనం అడగడానికి ఇవతలికి వచ్చి బతికింది. ఆవిడకి పాటలో చరణం లేదు కాబట్టి వాల్వు లేదు. ఇన్నేళ్లుగా ఎనిమిదో వాల్వు దగ్గర అందరూ పట్టుకున్నాక మిగిలింది పట్టుకుంటోంది. అదైనా ఎందుకు ఇస్తున్నారంటే, అక్కడ ఒక పేట ఉండేదని ఊరంతా ఏటా నోరు మూసుకుని ఒప్పుకుంటోంది కనక. రాతి మీద ఆరు కిందనే ఎనిమిది వచ్చిన నాటి నుంచి ఆవిడ ఎవరు? నీళ్లు పోసినవాడు దానం చేసినట్టు, పొయ్యనివాణ్ని అడిగే నోరు ఆవిడకి లేనట్టు. బతికుండగానే మనిషిని తుడిచెయ్యడం ఇంత సులువని నాకు తెలియదు.

నాలుగో రేకు

ముసుగుల వడపోత గుడ్డలు ఉతికాను. ఎర్రధూళి గోళ్లలోంచి పోదు. ఎవరితోనూ మాట్లాడలేదు. అది నాకూ వాళ్లకూ మంచిదే అయింది.

ఐదో రేకు

గురువుగారికి గంజి పట్టుకెళ్లాను. తాగాక ఏడో చరణం నాకు చెప్పమన్నాను. తోసిరాజన్నట్టు చెయ్యి ఊపారు. ఒట్టు అన్నారు. ఆయన పోతే అది ఆయనతోనే పోతుందని గట్టిగా అన్నాను. ముసలివాళ్లతో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

గోడ పట్టుకుని లేచారు. తర్వాత నడుద్దాం పదమన్నారు. నా భుజం ఆనుకుని, మోకాళ్లు పట్టేసిన చోటల్లా ఆగుతూ, మొదటి వాల్వు నుంచి ఆరోదాకా వచ్చారు. గదిలో సగం కూడా రాని పాట గొట్టం వెంట ముక్క పోకుండా వచ్చింది. ఏడో వాల్వు చక్రం పట్టుకుని నిలబడ్డారు. పెదాలు కదిలాయి, ఆగాయి.

"ఆనవాలు మాట పోనాది తవిటీ," అన్నారు.

"ఏటి పోవడం?"

"అందరూ ఇక్కడ నిలబడి లోపల్లోపల ఎవడి మనిషి పేరు వాడు అనుకున్నారు. నాను గుర్తరిని గదా. ఒట్టు గట్టిగా పట్టుకున్నాను. లోపల కూడా అన్నేదు. ఇప్పుడు ఎంతసేపు నిలబడాలో అదొక్కటే మిగిలినాది."

నాకు ఆయన్ని అక్కడే వదిలేసి పోవాలనిపించింది. ఊరంతా ఏటా భయంగా భక్తిగా నిలబడే ఆ మౌనంలో ఏమీ లేదన్నమాట. నీతిగా ఉండి పోగొట్టాడు. దొంగగా అప్పుడప్పుడు పాడుకున్నా ఉండేది.

ఇంటికి తీసుకొస్తుంటే దారిలో అన్నారు. "ఆ మాట ఆ పేట ఆడోళ్లకి తెలుస్తాది. రోజూ పాడుకున్నోళ్లు. ఎవలేనా అందిస్తే, అక్కడ నిలబడి ఉంటే, నాకు ఒచ్చీస్తాది. లోపలే ఉన్నాది."

ఆ పేట ఆడవాళ్లు అంటే ఒక్కరే.

ఆరో రేకు

పరదేశమ్మ పుట్టగొడుగుల అరల దగ్గర తడి చల్లుతోంది. నేను గుమ్మంలో నిలబడి "పిన్నీ" అన్నాను.

"పిన్నీ గిన్నీ అనకు. నీకూ నాకూ వరసల్నేవు."

ఈ సంగతి రాయక తప్పదు. ఆ రోజు ఇనుప తలుపు చక్రం తిప్పింది మా అమ్మ. కాపలా వంతు ఆవిడది. తిప్పమని పదిమంది అరిచారు, తిప్పింది ఒక్క చెయ్యి. అమ్మ పోయి చాలా కాలమైంది. బతికున్నన్నాళ్లూ ఏడో వాల్వు దగ్గర ఊరంతా ఊరుకున్నప్పుడు కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని నిలబడేది.

వచ్చిన పని చెప్పాను. రాతిలో గడి లేదన్నాను. గురువుగారు మర్చిపోయారన్నాను. మొదటి మాట నువ్వు అందిస్తే చరణం బతుకుతుందన్నాను.

పరదేశమ్మ చెంబు కింద పెట్టింది. "అంటే ఇన్నాళ్లూ కాళీకే దణ్ణం పెట్టినామేటి?"

"అవును."

"కాళీ అయినా నాదే. నీ దగ్గిర అరువు తెచ్చుకున్నది కాదు." ఇంకొక అరలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. తిరిగి నా మొహంలోకి చూసింది, నా చిన్నప్పటి నుంచి మొదటిసారి. "నా మొగుడి పేరూ నా అత్త పేరూ నాను నీకు అందించాలా? సెక్కించి ఊళ్లో మంచిదానివి అనిపించుకుంటావు. మరి మీ అమ్మ పేరో? అదీ ఆ చరణంలోదే. ఒట్టుకి ముందు జగ్గునాయుడు ఆఖర్న ఒక పాదం కలిపి పాడినాడు. అది ఇని మీ ఇంటిమీద మొదటి రాయి ఇసిరింది నానే. అప్పుడు పరిగెట్టుకొచ్చి అందరిసేతా ఒట్టేయించినారు. నా వాళ్ల కోసం కాదు. ఆ పాదం కోసం."

"తెలుసు."

"తెలిస్తే ఎల్లు. మూసిన సెయ్యి పేరు నోటంట రాని ఇంటిదానికి నాను మాట అందించను."

వచ్చేశాను. ఆవిడ మీద కోపం వచ్చింది. సాయం చేయబోతే మొహాన కొట్టిందని కాదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదని.

ఎనిమిదో రేకు

ఆరు తర్వాత ఇది ఎనిమిది. ఏడో రేకు మీద ఏమీ గీయకుండా వదిలేశాను. రాతలో కూడా ఊరుకోవచ్చని, చోటు వదలడం అంత గొప్ప విద్య కాదని, రేపు అప్పన్నకి చూపిద్దామని కట్టలో మధ్యన పెట్టాను.

పోలినాయుడు మా ఇంటికి వచ్చాడు, నా చేతిరాత ఎలా ఉందో చూస్తానని. కట్ట తీసి తిరగేశాడు. ఆయనకి చదవడం రాదు, కనక బతికిపోయాను. ఖాళీ రేకు దగ్గర ఆగాడు.

"ఇది వాడనేదేటి?"

"వాడినాను. అది ఏడోది."

"కాళీగా ఉంది గదా." రెండు వైపులా చూసి చంకలో పెట్టుకున్నాడు. "మా ఇంట్లో గరిటె ఇరిగిపోనాది. దీనితో సేయిస్తాను."

ఈ ఊళ్లో ఖాళీకి పట్టే గతి అది. రాతిలో చోటు వదిలించినా పదేళ్లలో ఎవడో ఒకడు చెప్పులు తగిలించుకోవడానికి అక్కడ మేకు దిగ్గొడతాడు.

వెళ్లేముందు అసలు సంగతి బయటపెట్టాడు. "నీ మంచి కోసమే సెప్తన్నాను. ఆ మవునం ఉన్నన్నాళ్లూ అక్కడ నిలబడ్డ ప్రతివోడూ మీ అమ్మనే తలుసుకుంటాడు. అది పోతే మీ అమ్మ మాటా పోద్ది. నీ పిల్లలకి తెలిసే పనే నేదు. నీకు ఇంతకన్నా ఏటి కావాలి?"

నా మంచి ఈయన చూస్తాడట. నిజమే చెప్పాడన్నదే నాకు మరీ మంట. రాయి ఆయన చెప్పినట్టే చెక్కితే మా అమ్మ అందరి తల్లుల్లాంటి తల్లి అయిపోతుంది. నాకు అది కావాలి. కావాలని ఇక్కడ రాయడానికి సిగ్గుపడను.

ఆ ఆఖరి పాదం నాకు వచ్చు. ముందు చరణమంతా తెలియదు, అదొక్కటే తెలుసు. నేను ఆడుకుంటున్నాననుకుని అమ్మ గిన్నెలు తోముతూ పాడేది. ఊరంతా పాడకూడదని ఒట్టు వేసుకున్నదాన్ని ఆవిడ ఒక్కతే పాడుకునేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఇక్కడ రాయను.

తొమ్మిదో రేకు

ఇవాళ చెక్కింపు.

మంచు మోసే బండి మీద రాయి ఎక్కించి గొట్టం వెంట తోసుకొచ్చారు. ముందు గురువుగారు, నేను. పక్కన సుద్దముక్కతో అప్పన్న. వెనక ఊరు. ఒక్కో వాల్వు దగ్గర మేం పాడడం, అప్పన్న రాతి మీద రాసుకోవడం, మంది తలాడించడం. ఎవరి చరణం అయిపోతే వాళ్లు పెళ్లిభోజనం చేసినట్టు తృప్తిగా వెనక్కి తగ్గారు. ఆరోది అయింది.

ఏడో వాల్వు దగ్గర ఊరుకున్నాం.

ఆ చరణమంత సేపూ అయింది. గురువుగారు ఎనిమిది వైపు అడుగు వేయబోయారు. నేను కదల్లేదు. ఆయన నా మొహం చూసి ఆగిపోయారు.

"కానీండి," అన్నాడు పోలినాయుడు.

నేను కానివ్వలేదు. ఇద్దరం ఒక్క గొంతుగా చెప్పందే చట్టం కాదు. ఇంకో గుర్తరిని తయారు చెయ్యాలంటే ఒక చంటిపిల్ల పెద్దదవ్వాలి. ఎనిమిది, తొమ్మిది, ఆ పైవాళ్ల నీళ్లన్నీ నా నోట్లో ఉన్నాయి. ఆ సంగతి మెల్లగా అందరికీ తట్టింది. మొదట గొణిగారు. తర్వాత మా చరణం ఎప్పుడని అడిగారు. తర్వాత తిట్టారు. తొమ్మిదో వాల్వు ముసలమ్మ ఒకావిడ నా మీద ఉమ్మింది.

పోలినాయుడు దగ్గరికొచ్చాడు. ఈసారి చెయ్యి భుజం మీద వెయ్యలేదు. "నీ నీళ్లు కట్టించేస్తాను. సెప్పు, ఎనిమిది సెప్పు."

నేను ఏమీ అనలేదు. అనడానికి ఒక్క మాటయినా వాడితే మౌనం పోతుంది. గురువుగారు వాల్వు చక్రం పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ని కూర్చోబెట్టాలని ఎవరికీ తోచలేదు, అంత గొప్పవాళ్లు మావాళ్లు.

అప్పుడు జనంలోంచి పరదేశమ్మ ముందుకొచ్చింది. ఖాళీ బిందె చంకలో ఉంది. నన్ను దాటి, గురువుగారికి ఎదురుగా నిలబడి, మామూలుగా, నీళ్లు పట్టుకునేటప్పటి గొంతుతో అంది.

"సెమట గోడ పక్క."

గురువుగారి తల పైకి లేచింది. కళ్లు ఎటో చూస్తున్నాయి, నోరు దానంతటదే తెరుచుకుంది.

చెమట గోడ పక్క ఏడు గడపలు
ఇజ్జాడ సన్నాసికి కుండలు రెండు
ఇజ్జాడ నీలమ్మకు కుండ ఒక్కటి
గంటేడ పారయ్యకు కుండలు మూడు

ఇంకా వచ్చింది. ఆపుదామనుకున్నా ఆయన ఆగగలిగేవారు కారు. మొదటిసారి నేను విన్నాను. చివర పోలినాయుడు అరుస్తుండగానే గురువుగారు మళ్లీ మొదటికి వెళ్లి చెమట గోడ అందుకున్నారు. ఈసారి నేనూ అందుకున్నాను. ఒకసారి వింటే పట్టుకోవడమే కదా నేను నేర్చుకున్న పని. ఇద్దరం ఒక్క గొంతుగా ఏడు గడపలూ చెప్పాం. అప్పన్న ఆరు కిందున్న ఎనిమిది చెరిపేశాడు, సుద్ద కిర్రుమంటూ నడిచింది. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో బూతులు తిడుతున్నారు.

ఏడో గడప అయ్యాక గురువుగారు ఆగారు.

"ఇంకో పాదం ఉన్నాది," అంది పరదేశమ్మ.

"అంతే," అన్నారు గురువుగారు. ఆయన అబద్ధం చెప్పగా వినడం నాకు అదే మొదలు. నా వైపు చూడలేదు.

పరదేశమ్మ చూసింది. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆవిడకి వాల్వు వచ్చేది, నాకు అమ్మ మిగిలేది, అందరం ఇళ్లకి పోయేవాళ్లం. ఊరుకోవడం నాకన్నా బాగా వచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు.

నేనే ఎత్తుకున్నాను. గిన్నెలు తోమేటప్పటి వరసలోనే వచ్చింది. రెండో మాటకి గురువుగారు కలిశారు.

తట్టినది విని కూడ తలుపు మూసె
మజ్జి చినతల్లి కుడిచెయ్యి

సుద్ద ఆగింది.

"అది రాయకు," అన్నాడు పోలినాయుడు.

అప్పన్న రాయి వైపు చూశాడు, మా వైపు చూశాడు. "ఇద్దరూ ఒకటిగానే అన్నారు బాబూ. నువ్వొచ్చి సెప్పినా మార్సకూడదని నువ్వే గదా సెప్పినావు." రాసుకున్నాడు.

తర్వాత ఎనిమిది చెప్పాం.

పదో రేకు

ఒట్టు తప్పినందుకు నాకు ఏడాదిపాటు సగం నీళ్లు. గురువుగారికి ముసలాయన కనక మందలింపు. పరదేశమ్మకి ఏమీ వెయ్యలేకపోయారు. ఆవిడ అందించినవి మూడే మాటలు, అందులో గోడ తప్ప ఏమీ లేదు. మా ఇంటి తలుపు మీద ఎవరో రాయి విసిరారు. ఈసారి ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఊరు మునిగిపోతుందని పోలినాయుడు అందరికీ చెబుతున్నాడు. ఇంకా మునగలేదు.

రాయిని ఏడో వాల్వు దగ్గరే నిలబెట్టారు. బండిని వెనక్కి తెస్తుంటే అక్కడే ఇరుసు విరిగింది, అప్పన్న వారం కూర్చుని అక్కడే చెక్కాడు. పొద్దున్న మంచు గీకడానికి వెళ్తే పరదేశమ్మ బిందెతో దాని ముందు నిలబడి ఉంది. ఆవిడకి అక్షరాలు రావు.

"ఏది?" అంది, నన్ను చూడకుండా.

ఆవిడ వేలు పట్టుకోబోతే ఇవ్వలేదు. నా వేలితోనే చూపించాను. మొగుడు సన్నాసి పేరు మీద అరచెయ్యి ఆనించి ఉండిపోయింది. నేను పక్కకి తిరిగి మంచు గీకాను.

"మీ అమ్మది?"

చూపించాను. జానెడు కిందనే ఉంది.

"ఇంత దగ్గిరగా సెక్కాలా?"

"చరణం అలగే ఉన్నాది," అన్నాను. పిన్నీ అనలేదు.

బిందె పెట్టి ఏడో వాల్వు చక్రం తిప్పింది. బిగుసుకుపోయి ఉంది. నేను చెయ్యి వెయ్యబోతే మోచేత్తో తోసేసింది. బలమంతా పెట్టి తనే తిప్పింది. ముందు తుప్పు వచ్చింది, తర్వాత నీళ్లు వచ్చాయి.

నేను ఎనిమిదో వాల్వు దగ్గరికి పోయాను. బిందె నిండేదాకా వెనకాల ఆవిడ పాడుతూనే ఉంది. గడపలన్నీ పాడింది. ఆఖరి పాదం కూడా వదల్లేదు. అమ్మ గొంతులో తప్ప ఇంకెవరి ఒంటి గొంతులోనూ నేను ఇదివరకు అది వినలేదు. పాడడం అయ్యేదాకా చేతిలో పని ఆపి నిలబడ్డాను, తర్వాత ఎనిమిది మీది మంచు గీకాను.